నూకరత్నమక్క అడిగిన వార్త

నిన్న స్టాఫ్ రూములో ఎవరో నా పక్కన కూర్చుని కొత్త పేపరు మడత విప్పారు. ఆ పెళపెళ చప్పుడుకి, సిరా వాసనకి దిద్దుతున్న కాగితాల మీద చెయ్యి ఆగిపోయింది. ఇదివరకు నా ఎదుట అలా పేపరు విప్పి పరిచిన మనిషి నూకరత్నమక్క ఒక్కతే. నేను అద్దెకున్న మేడ కింది వాటాలో ఉండేది.

జూనియర్ కాలేజీలో సివిక్స్ చెప్పడానికి అనకాపల్లి వచ్చిన కొత్తలో నాకిక్కడ ఎవరూ తెలియదు. సాయంత్రం తలుపు వేసుకుంటే మళ్లీ మాట్లాడేది మర్నాడు క్లాసులోనే. అక్కకీ అంతే. పిల్లలు లేరు. భర్త అప్పలరాజు సరుకు ఓడలో ఫిట్టరు. ఆ ఏడు ఎర్రసముద్రం దారిలో తుపాకులవాళ్లు ఆ ఓడని పట్టుకున్నారు. అక్కడ జరుగుతున్న యుద్ధం ఎవరిదో, ఓడకి దానితో ఏ సంబంధమూ లేదు. తెలుగు పేపర్లు మూడు రోజులు రాసి మానేశాయి. అప్పటి నుంచి అక్క ఇంగ్లీషు పేపరు కొని, నాచేత చదివించుకోడానికి రోజూ సాయంత్రం మెట్లెక్కి వచ్చేది.

మొదట్లో నాకు ఉత్సాహంగానే ఉండేది. ఓడలు వెళ్లే అక్కడి ఇరుకు జలసంధి ఎందుకు ముఖ్యమో, ఏ దేశం ఎవరి వెనక ఉందో పాఠంలా చెప్పేదాన్ని. ఆవిడ ఓపిగ్గా విని, ఓడలో ఉన్నవాళ్ల గురించి ఏం రాశారని అడిగేది. చాలా రోజులు ఏమీ ఉండేది కాదు. ఆ మాట అనడానికి నాకు నోరొచ్చేది కాదు. ఒకరోజు ఆవిడ ముఖం చూడలేక, చర్చలు బాగా సాగుతున్నాయనీ అందరూ క్షేమమనీ పేపర్లో ఉన్నట్టే చదివేశాను. అక్క కాసేపు ఆ పేజీ వంకే చూసింది.

"ఈ పేజీ నిండా బ్యాట్లు పట్టుకున్నోళ్లే ఉన్నారు మేడంగారూ," అంది. గొంతులో కోపం లేదు. "లేనిది సదవకండి. ఏటీ లేపోతే లేదని సెప్పండి. నాను ఇంటాను."

ఆ తర్వాత రోజూ లేదనే చెప్పాను. విని, పేపరు మడిచి, కాసేపు కూర్చుని వెళ్లేది. ఎనిమిది నెలలకి వార్త వచ్చింది. ఓడని వదిలేశారు. సిబ్బందిలో ఒకరు జబ్బుచేసి పోయారు. ఆ రెండో వాక్యం దాటేద్దామనిపించింది. అయినా ఉన్నదున్నట్టు చదివాను. పేరేమిటని అడిగింది. రాయలేదన్నాను.

రెండు రోజులు కింద పొయ్యి వెలగలేదు. మూడోనాడు అప్పలరాజే ఫోన్ చేశాడు. నేను దిగి వెళ్లేసరికి ఆవిడ గోడకి ఆనుకుని ఏడుస్తోంది.

"ఈయన బాగానే ఉన్నారంట," అంది. "ఆ పోయినాయన ఏ ఊరోడో. ఆళ్లింట్లో ఎవరు సదివి సెప్పేరో."

ఆయన వచ్చాక అక్క మెట్లెక్కడం మానేసింది. ఎక్కవలసిన పనీ లేదు. అయినా సాయంత్రమయ్యేసరికి నేను తలుపు తీసే ఉంచేదాన్ని. అందుకు సిగ్గుపడేదాన్ని కూడా. ఆయన మళ్లీ సముద్రం మీదికి వెళ్లనన్నాడు. అచ్యుతాపురంలో ఏదో కంపెనీలో పని దొరికి, ఇద్దరూ అటే వెళ్లిపోయారు. కొన్నాళ్లు ఫోన్లు నడిచాయి, తర్వాత అవీ లేవు.

ఇప్పుడు జరుగుతున్న యుద్ధం ఎప్పుడు ఆగుతుందని క్లాసులో పిల్లలు అడుగుతుంటారు. ఒకప్పుడైతే బెల్లు కొట్టేదాకా చెప్పేదాన్ని. ఇప్పుడు తెలిసినంత చెప్పి, మిగతాది తెలియదంటాను. వాళ్ల ముఖాలు చిన్నబోతాయి. వాళ్లకోసం ఏదో ఒకటి కల్పించి చెప్పాలని ఇప్పటికీ నాలుక చివరిదాకా వస్తుంది. ఆపుకుంటాను.