కెమెరా కంటికి బొట్టు

మా బాబాయికి విమానం నడపాలని ఉండేది. వయసులో ఉన్నప్పుడు వాయుసేన పరీక్షలకు వెళ్ళి, అన్నీ దాటి, చివరికి కళ్ళ పరీక్ష దగ్గర ఆగిపోయి, తిరుగు రైల్లో విజయవాడలో దిగాడట. దిగినవాడు తిన్నగా ఇంటికి రాలేదు. కంకిపాడు దాటాక మా చేను గట్టు మీద కూర్చుని, చీకటి పడ్డాక ఇల్లు చేరాడని నాయనమ్మ చెప్పేది. అప్పటికి నేను పుట్టలేదు. నాకు తెలిసిన బాబాయి వరీ చెరకూ వేసే మనిషి, సోడాబుడ్డి కళ్ళద్దాల మనిషి, ఆదివారం వస్తే పని మానేసి థర్మోకోల్ కోసే మనిషి.

ఆ పిచ్చి తొంభైల్లో మొదలైంది. కైకలూరు వైపు నుంచి చేపలు వచ్చే థర్మోకోల్ పెట్టెల్ని అడిగి తెచ్చుకుని, కడిగి, ఎండబెట్టి, రెక్కలు కోసేవాడు. ఎంత కడిగినా వాసన పోయేది కాదు. విమానం తయారవుతోందంటే ముందుగా ఊళ్ళో పిల్లులకి తెలిసేది. మొదట్లో రబ్బరుతో ఎగిరేవి, తర్వాత చిన్న మోటారు, ఆ తర్వాత చేతిలో పట్టుకునే రిమోట్ వచ్చాయి. చేసేది ఆయనే కానీ ఎగరేసేది నేను. ఎందుకంటే విమానం రెండో చక్కర్ కొట్టేసరికి ఆయన దాన్ని ఆకాశంలో పోగొట్టుకునేవాడు. ‘ఏదే? ఎక్కడే?’ అని అడుగుతుంటే, కళ్ళద్దాలు మార్పించుకోమని అందరం అనేవాళ్ళం. ఆయన మార్పించుకునేవాడు కూడా. తర్వాత మళ్ళీ ‘ఏదే?’ అనేవాడు.

నేనప్పటికి విజయవాడలో ఒక పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెబుతున్నాను. ఆదివారం పొద్దున్నే బస్సెక్కి బాబాయి దగ్గరికి పోవడం నాకు గుడికి వెళ్ళడం కన్నా నియమంగా జరిగేది. కాలువ గట్టు మీద రిమోట్ పట్టుకుని నిలబడిన పెళ్ళికాని పిల్లని చూసి, దారిన పోయేవాళ్ళు మా అమ్మకి సంబంధాలు చెప్పడం మానేశారు. అందుకు బాబాయికి నేను రుణపడి ఉన్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకి, చెన్నై వెళ్ళినప్పుడు నాకొక చిన్న కెమెరా దొరికింది. అగ్గిపెట్టెంత ఉంటుంది. తీగ లేకుండానే బొమ్మని రిసీవర్‌కి పంపిస్తుంది, రిసీవర్ నుంచి టీవీకి వస్తుంది. పసిపిల్లల ఉయ్యాల మీద పెట్టుకోవడానికని డబ్బా మీద రాసుంది. దాన్ని బాబాయి చేతిలో పెట్టి, విమానం ముక్కు మీద బిగిద్దామా అన్నాను. ఆయన దాన్ని కళ్ళద్దాల దగ్గరికి తెచ్చుకుని తిప్పితిప్పి చూశాడు. తర్వాత, “ఒక్కసారి మన చేను పైనుంచి చూడాలే అమ్మాయ్. సీట్లో కూర్చున్నోడికి ఎట్టా కనపడుద్దో అట్టా,” అన్నాడు. ఇంతకాలం ఆయన థర్మోకోల్ కోసింది ఇందుకేనని అప్పుడు తెలిసింది నాకు. ఆ కోరిక తీరేదాకా నాకూ నిద్ర పట్టేటట్టు లేదు.

మా పద్ధతి ఇది. ఎండలో టీవీ తెర కనపడదు కాబట్టి, స్టూలు మీద టీవీ పెట్టి దాని మీద పెద్ద అట్టపెట్టె బోర్లించాం. పెట్టెకి ఒక పక్క తల పట్టేంత కంత. బాబాయి పెట్టె వెనక ఇంకో స్టూలు మీద కూర్చుని, కంతలో తల దూర్చి, మెడ చుట్టూ తువ్వాలు కప్పుకుంటాడు. నేను పక్కన నిలబడి విమానం ఎగరేస్తాను. నా చూపు విమానం మీద నుంచి కదలకూడదు. కదిలిందా, అది ఏ కొబ్బరి మట్టలోనో ఉంటుంది. అంటే చూసేది ఆయన, ఎగరేసేది నేను. ఆయన చూసేది నాకు కనపడదు, నేను చూసేది ఆయనకి కనపడదు. పెట్టెలోంచి వచ్చే మాటే మా ఇద్దరికీ ఆధారం.

మొదటి రోజు మోటారు పెంచగానే ‘తెల్ల గీతలే’ అంది పెట్టె. కెమెరాకీ మోటారుకీ ఒకటే బ్యాటరీ ఇచ్చాను, మోటారు గోలంతా బొమ్మలోకి ఎక్కేసింది. కెమెరాకి వేరే బ్యాటరీ పెట్టాక గీతలు పోయాయి. తర్వాత విమానం పక్కకి వాలినప్పుడల్లా బొమ్మ పోయేది. యాంటెన్నాని నిట్టనిలువుగా లేపి నిలబెడితే అదీ కుదిరింది. ఆ పైన టీవీ మొండికేసింది. నా డబ్బుతో కొన్న కొత్త టీవీ అది. సిగ్నల్ కాస్త తగ్గితే చాలు, బొమ్మంతా మాయం చేసి నీలం తెర పరిచేది. బాగోలేని బొమ్మని మనకి చూపించడం దానికి నామోషీ. బాబాయి అటక మీద నుంచి పాత బుల్లి బ్లాక్ అండ్ వైట్ టీవీ దించి, ట్రాక్టర్ బ్యాటరీకి తగిలించాడు. చుక్కలు పడ్డా, వణికినా అది బొమ్మని వదిలిపెట్టేది కాదు. రంగు లేదే అని నేను బాధపడితే, “వరిచేను పచ్చగా ఉంటదని నాకు తెలవదా?” అన్నాడు.

అన్నీ కుదిరాయనుకున్న వారంలో దసరా వచ్చింది. ఆయుధపూజకి మా పిన్ని వసారాలో ట్రాక్టరు సామాను, మందు కొట్టే పంపు, కుట్టుమిషను, వాటి చివర మా విమానం వరసగా పెట్టింది. పిన్ని దేనికి పడితే దానికి, ఎక్కడ పడితే అక్కడ బొట్టు పెట్టదు. వస్తువుకి మొహం ఎటుందో చూసి పెడుతుంది. విమానానికి మొహం ఏదని చూస్తే కెమెరా కనపడింది. తడి పసుపు రాసి, దాని మీద నిండుగా కుంకుమ అద్దింది.

మర్నాడు ఎగరేస్తే, బొమ్మలో నల్లటి మచ్చ ఉందన్నాడు బాబాయి. దించి చూసి పడీపడీ నవ్వుకున్నాం. పిన్ని మాత్రం నవ్వలేదు. బొట్టు లేకుండా ఎగరేసినప్పుడు కొబ్బరిచెట్టు మీద పడిన సంగతి గుర్తుచేసింది. అద్దం తుడిచి మళ్ళీ ఎగరేశాను. కాసేపటికి పెట్టెలోంచి మాటొచ్చింది. “బొట్టు ఇంకా పోలేదే. ఎడమ పక్కకి జరిగింది.”

అక్కణ్ణుంచి నా తంటాలు మొదలయ్యాయి. స్పిరిట్ ముంచిన దూదితో అద్దం తుడిచాను. పసుపు లోపలికి దిగిందేమోనని కెమెరా విప్పాను. కొత్త కెమెరా తెప్పించాను. తీగ మార్చాను, యాంటెన్నా మార్చాను, రిసీవర్ మార్చాను. ఇంట్లో బల్ల మీద పెట్టి గోడ క్యాలెండర్ వైపు తిప్పితే, మూల ఉన్న అంకెలతో సహా ఆయనకీ నాకూ అన్నీ కనపడేవి. గట్టు మీదకి పోయి ఎగరేస్తే మాత్రం ఎడమ పక్క లేదు. ఒకోసారి కింది మూల కూడా లేదు. నాకు ఒళ్ళు మండేది. పిల్లలకి పాఠం చెప్పేదాన్ని, బల్ల మీద ఉండని జబ్బు గాల్లో ఎలా వస్తుందో నాకు తెలియకపోతే ఎలా? బాబాయికి మాత్రం అనుమానమే లేదు. అంతా పిన్ని బొట్టు వల్లే అనేవాడు. కోడి కుంటిదైనా పిన్ని బొట్టే కారణమనే దాకా వచ్చింది వ్యవహారం.

చివరికి ఒకనాడు, కోతలకి ముందు, పిన్ని మజ్జిగ చెంబుతో గట్టు మీదకొచ్చింది. విమానం మా చేను మీద తిరుగుతోంది. బాబాయి పెట్టెలోంచి తల తీసి, చేసిన ఘనకార్యం నువ్వే చూడమని లేచి నిలబడ్డాడు. పిన్ని చెంబు పక్కన పెట్టి, కొంగు సర్దుకుని, పెట్టెలో తల పెట్టింది.

“ఎడమ పక్కనాండీ? బాగానే ఉందిగా. మన మోటారు షెడ్డు, దాని మీద ఆరేసిన నా చీర కూడా కనపడతంది. ఏ చీరో తెలవట్లేదు గానీ.”

“తియ్యి, నన్ను చూడనియ్యి,” అన్నాడు బాబాయి. నేను విమానం వంకే చూస్తున్నాను. స్టూలు కదిలిన చప్పుడు విన్నాను. చాలాసేపటికి ఆయన గొంతు విన్నాను.

“షెడ్డు లేదే.”

ఇంట్లో బల్ల ముందు ఆయన తల ఎటు కావాలంటే అటు తిప్పుకుని వెతుక్కునేవాడని, ఈ కంతలో తల తిప్పుకోవడానికి చోటు లేదని అప్పుడు తట్టింది నాకు. ఆకాశంలో విమానాన్ని పోగొట్టుకోవడమూ గుర్తొచ్చింది. అయినా విమానాన్ని దించాలి కదా. కళ్ళం చోట్లో మామూలుగానే దించాను.

మర్నాడు విజయవాడలో కంటి డాక్టరుకి చూపించాం. నీటికాసులు అన్నాడు. కంట్లో ఒత్తిడి పెరిగి, చూపు అంచుల నుంచి లోపలికి తినుకుంటూ వస్తుందట. నొప్పి ఉండదు, పోయేదాకా పోతోందని తెలియదు. పోయింది తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవాలి, అదీ ఎంత కాలమో చెప్పలేనని చుక్కల మందు రాశాడు. తిరిగొస్తుంటే బస్సులో బాబాయి, పాపం మీ పిన్నిని ఊరికే ఆడిపోసుకున్నామే అన్నాడు. కిటికీ పక్కన కూర్చుని తల మెల్లగా తిప్పుతూ చేలన్నీ చూస్తున్నాడు. నేను వేరే వైపు తిరిగి ఏడ్చాను.

మరమ్మత్తు చెయ్యాల్సింది కెమెరాని కాదని తేలింది. అయినా మరమ్మత్తు మానలేదు మేము. ఆయనకి మధ్యలో మిగిలిన చూపు ఉంది. ఏది చూడాలంటే దాన్ని ఆ మధ్యలోకి తేవాలి. పెట్టెలో తల తిరగదు, కాబట్టి విమానాన్నే తిప్పాలి. ‘ఎడమకి’ అంటే ముక్కు ఎడమకి తిప్పేదాన్ని. ‘కొంచెం కిందికి’ అంటే దించేదాన్ని. ‘అదిగో, అట్టా ఉంచు’ అంటే గాలితో పోట్లాడైనా అట్టా ఉంచేదాన్ని. చేనంతా ఒక్కసారి చూసే అదృష్టం లేదు గనక ముక్కలు ముక్కలుగా చూశాడు. కాలువ, తూము, చెరకు, షెడ్డు, పిన్ని చీర. ఆ శీతాకాలం, మళ్ళీ వచ్చిన శీతాకాలం, వదలకుండా ప్రతి ఆదివారం ఎగరేశాం. నా జీవితంలో అంత జాగ్రత్తగా నేను ఇంకే పనీ చెయ్యలేదు.

బొమ్మ చిన్నదవుతూ వచ్చింది. ‘అట్టా ఉంచు’ అనడం తగ్గింది. తర్వాత పిన్ని కూడా ఆ కంతలోనే తల దూర్చి, బుగ్గకి బుగ్గ ఆనించి, ఏం కనపడుతోందో చెప్పేది. చూపు పూర్తిగా పోయాక కూడా ఆయన గట్టు మీదకి రావడం మానలేదు, తువ్వాలు కప్పుకోవడం మానలేదు. ఎందుకని నేనూ అడగలేదు.

ఒక ఆదివారం, పిన్ని ఊళ్ళో లేదు. నేను ఎగరేసి దించాను. బాబాయి పెట్టెలోంచి తల తీసి, తువ్వాలుతో మొహం తుడుచుకుని, నా చప్పుడు వినపడే వైపు తిరిగాడు.

“నువ్వు ఇందులోకి ఒక్కసారీ చూళ్ళేదు గదే?”

“నేనెట్టా చూస్తాను బాబాయ్? కళ్ళు పైనుండాలిగా.”

“కూర్చో,” అన్నాడు. గట్టు మీద ఆయన పక్కన కూర్చున్నాను.

“కాలువ తిన్నగా ఉందనుకుంటాం గానీ, మన చేను మూల దగ్గర కాస్త వంగుద్ది. కొబ్బరిచెట్లు కనపడవు, వాటి నీడలు కనపడతాయి. గట్టు మీద ఒక అట్టపెట్టె, దాని వెనక రెండు కాళ్ళు. మొదట్లో ఎవడ్రా ఈ పిచ్చోడు అనుకున్నా. పెట్టె పక్కన నువ్వు. చేను చూద్దామనే మొదలెట్టా అమ్మాయ్. ఆ తర్వాత ప్రతి చక్కర్‌లోనూ నీకోసమే చూసేవాణ్ణి. మధ్యలోకి తెమ్మనేవాణ్ణి చూడు, సగంసార్లు నిన్నే. తల పైకెత్తి నిలబడి ఉంటావు. నీ మొహం నాకు పైనుంచే బాగా గుర్తు.”

బాబాయి పోయాక ఆ విమానాన్ని నేను ఎగరేయలేదు. ఎగరేస్తే చూసేవాళ్ళు లేరు. చూద్దామంటే ఎగరేసేవాళ్ళు లేరు. ఆ చేను పైనుంచి ఎలా ఉంటుందో నాకు ఆయన చెప్పిందే తెలుసు. అది చాలదు నాకు. ఇంకొన్ని ఆదివారాలు కావాలనిపిస్తుంది.

ఇప్పుడు మా వైపు ఏ పెళ్ళికి వెళ్ళినా పందిట్లో కెమెరా పెట్టిన డ్రోన్లు తిరుగుతున్నాయి. ఆ చప్పుడు వినపడితే చేతిలో విస్తరైనా పక్కన పెట్టి లేస్తాను. తల పైకెత్తి, మొహం బాగా కనపడేట్టు నిలబడతాను. మేడమ్, పైకి చూడకండి, మామూలుగా ఉండండి అని వీడియో తీసేవాళ్ళు కేకేస్తారు. నేను చూస్తూనే ఉంటాను.