ఆకుపచ్చ చుక్క, ఆగిన మోటర్

బోరు మోటర్లను ఫోన్‌తో నడిపే పెట్టెలు తయారుచేసే చిన్న కంపెనీలో నేను సర్వర్ పని చూస్తాను. మోటర్ దగ్గరి పెట్టె, రైతు ఫోన్, ఆఫీసు కంప్యూటర్ మూడూ సర్వర్‌కు కనెక్ట్ అయి ఉంటాయి. కనెక్షన్ బతికి ఉందో లేదో చూసుకునే పద్ధతి మాత్రం ఒక్కోదానికి ఒక్కోటి. అన్నిటికీ ఒకే నియమం రాయమని మొన్న ఎండాకాలం నాకు అప్పగించారు.

రాశాను. కొంతసేపు ఏ సందేశమూ కదలకపోతే సర్వర్ "ఉన్నావా" అని అడగాలి. జవాబు రాకపోతే కనెక్షన్ తెంచి, ఫోన్‌లో కనెక్షన్ ఉందని చూపే ఆకుపచ్చ చుక్కను ఎర్రగా మార్చాలి. పరీక్షకు శామీర్‌పేట దారిలో మా బాపు నడిపే నర్సరీ మోటర్‌ను ఎంచుకున్నాను. కారణాలు రెండు: బాపు అనుమతి పత్రం అడగడు, చెడిపోతే ఫిర్యాదు నాకే చేస్తాడు.

అక్కడ కొత్తగా పోసిన బంతి నారు ఉంది. ఆ ఎండకు ఒక్క పూట నీళ్లు తప్పినా పోతుంది.

నేను బౌరంపేట్ ఆఫీసులో ఉండగా బాపు ఫోన్ చేశాడు.

"మోటర్ బందున్నది. నారు తలకాయ వాలేసింది. గీ ఫోన్ల మాత్రం పచ్చగనే ఉన్నది, ఏంది?"

"పెట్టె ఆగిందని సర్వర్‌కు ఇంకా తెల్వదు బాపూ."

"ఎప్పుడు తెలుస్తదట?"

"సూడాలె."

"గప్పటిదాంక ఆగుమని నారుకు జెప్పు. నీ మాటింటదేమో."

మేడ్చల్‌లో ఆటో మారి నేను చేరేసరికి బాపు డబ్బాతో నీళ్లు చల్లుతున్నాడు. రెండో డబ్బా నాకిచ్చాడు. నీళ్లు పోస్తూ ఆలోచిస్తే విషయం తెలిసింది. సర్వర్ ఆ పెట్టెకు తరచూ గడియారం టైమ్ పంపుతుంది. పెట్టె బిగుసుకుపోయి పని ఆపేసినా, అందులో నెట్‌వర్క్ పట్టే మోడెం మాత్రం ఆ టైమ్‌ను అందుకుంటూనే ఉంది. నా నియమం ప్రకారం అదీ కదిలిన సందేశమే. అందుకే సర్వర్ "ఉన్నావా" అని అడగనే లేదు.

బాపుకు చెప్పాను.

"అంటే నువ్వే మాట్లాడుకుంట, అవతలోడు ఇంటుండనుకున్నవ్. మీ మేనత్త ఫోన్ల ముచ్చటవెట్టినట్టు."

నారులో సగం పోయింది. నియమం మార్చాను: అవతలి నుంచి వచ్చిన సందేశమే లెక్క, మనం పంపింది కాదు. మూడింటికీ అదే. మార్పుకు కారణం రాయాల్సిన చోట "బంతి నారు" అని రాశాను. ఎవరూ ప్రశ్నించలేదు.

బాపు మళ్లీ నారు పోశాడు. అది మొలకెత్తాక ఒకరోజు పొద్దున ఫోన్ వచ్చింది.

"ఎర్రగైందిరా!"

"మస్తు మంచిగైంది బాపూ."

"ఏం మంచిగ? మోటర్ బందైంది!"

డబ్బాలో నీళ్లు పడుతున్న చప్పుడు అప్పటికే వినిపిస్తోంది. ఈసారి నారు మొత్తం దక్కింది.