లైట్ తీస్కో, అక్కా

'లైట్ తీస్కో' అనే మాట వింటే నాకు మొదటి నుంచీ ఒళ్లు మండేది. వరంగల్‌లో ఒక ప్రైవేటు బడిలో పదకొండేళ్లు తెలుగు చెప్పాను. పిల్లల నోళ్లలోకి ఎన్ని కొత్త మాటలు వచ్చి పోయాయో చూశాను. "అంత సీన్ లేదు మేడం" అన్నవాడి చేత ఆ ముక్కనే మంచి తెలుగులో ఐదు రకాలుగా రాయించాను. వాడు రాశాడు కూడా. కానీ ఈ లైట్ తీసుకోవడాన్ని మాత్రం భరించలేకపోయేదాన్ని. ఎదుటి మనిషి బాధను విన్నట్టే ఉండి, పక్కకు నెట్టేసే మాట అది.

చిత్రమేమిటంటే, బడిలో నాకున్న ఒకే ఒక్క స్నేహితురాలి నోట ఆ మాట రోజుకు ఇరవైసార్లు వచ్చేది. ఆమె లెక్కల టీచర్, నాకంటే ఎనిమిదేళ్లు చిన్నది. రోజూ వర్ధన్నపేట నుంచి బస్సులో వచ్చేది. అందరూ నన్ను మేడం అంటే, ఆమె చేరిన రోజు నుంచీ అక్కా అనే పిలిచింది. బస్సు లేటైతే ఆమె మొదటి పీరియడ్ నేను తీసుకునేదాన్ని. మధ్యాహ్నం ఇద్దరం ఒకే బెంచీ మీద కూర్చుని డబ్బాలు విప్పేవాళ్లం. ఆమె సర్వపిండి తెచ్చిన రోజు నా డబ్బా అలాగే ఇంటికి వెళ్లేది.

"ఆ మాట నా ముందర అనకు" అంటే నవ్వేది.

"మాటనే గదక్కా, లైట్ తీస్కో."

ఆమె అంటే మాత్రం నాకూ నవ్వొచ్చేది.

ఒక ఏడాది ఎండాకాలం సెలవుల తర్వాత బడి తెరిచేసరికి తరగతి గదుల్లో టీచర్ల కుర్చీలు లేవు. కూర్చుని చెబితే పాఠం సాగదని యాజమాన్యం అనుకుందట. రోజుకు ఏడు పీరియడ్లు నిలబడే చెప్పాలి. సాయంత్రానికి పాదాలు చెప్పుల్లో పట్టేవి కావు. స్టాఫ్ రూములో అందరం సణుక్కున్నాం, అంతే. రెండు నెలలు గడిచాక, సైన్సు చెప్పే అమ్మాయి ఎనిమిదో తరగతిలో బోర్డు ముందు కళ్లు తిరిగి పడిపోయింది. ఆమెకు అప్పుడు ఆరో నెల. పిల్లలు పరుగెత్తుకొచ్చి చెబితే నేనూ నా స్నేహితురాలూ వెళ్లి లేపి, ఆటోలో దవాఖానకు తీసుకెళ్లాం. కడుపులో బిడ్డకు ఏమీ కాలేదని డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట విని నా స్నేహితురాలు వరండాలో కూలబడి ఏడ్చింది.

"అక్కా, ఇది ఊకుండే ముచ్చట గాదు. నువ్వు లెటర్ రాయి, నేను సంతకం పెడ్త. సార్ పిలిస్తే ఇద్దరం పోదాం."

"పిలిస్తే మాట్లాడాలె మల్ల."

"నేనున్న గదా. నువ్వేం ఫికర్ జెయ్యకు."

మర్నాడు ఇద్దరం కూర్చునే ఆ లెటర్ రాశాం. గదికో కుర్చీ వేయించమని, అంతకు మించి ఏమీ అడగలేదు. సైన్సు టీచర్ సంగతి నేను రాస్తే, "ఆమె ముచ్చట వద్దక్కా, పాపం ఆమెకు ఇబ్బందైతది" అని నా స్నేహితురాలే ఆ రెండు లైన్లూ కొట్టేయించింది. మళ్లీ శుభ్రంగా రాసి, సంతకాలు పెట్టి ఆఫీసులో ఇచ్చాం.

మూడో రోజు ప్రిన్సిపాల్ మమ్మల్ని పిలిచాడు. ఎదురుగా ఉన్న కుర్చీల్లో కూర్చోమన్నాడు.

"మనదంతా ఒక ఫ్యామిలీ మేడం. ఫ్యామిలీల లెటర్లేంది?"

నేను చెప్పాల్సింది చెప్పాను. ఆయన నా మాట పూర్తయ్యేదాకా ఉండి, ఆమె వైపు తిరిగాడు.

"నీకేం ప్రాబ్లమమ్మా?"

ఆమె ఒళ్లో ఉన్న బ్యాగు జిప్పు వైపు చూస్తూ అంది. "నాకేం ప్రాబ్లం లేదు సార్. మేడం రాసుకొచ్చి సంతకం పెట్టుమన్నది. పెద్దామె గదా అని పెట్టిన."

"చదవలేదా?"

"లే సార్."

అన్నేళ్లలో ఆమె నన్ను మేడం అనడం అదే మొదటిసారి. లెటర్లో ఏ లైను ఎందుకు కొట్టేశామో ఆయనకు చెప్పగలిగేదాన్ని, చెప్పలేదు. ఆ గదిలోంచి ఎలా బయటికి వచ్చానో కూడా సరిగా గుర్తు లేదు.

మెట్ల దగ్గర ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"ఏమనుకోకక్కా. మా ఆయన పని లేక ఇంటికాడ్నే ఉంటాండు, నీకు తెల్వనిదా. ఇది గూడ పోతే మేమెట్ల బతకాలె. లైట్ తీస్కో."

"ముందే చెప్తే నేనొక్కదాన్నే పోతుంటి గదా" అన్నాను.

గంట కొడితే ఆమె తొమ్మిదో తరగతికి వెళ్లిపోయింది.

వారం తిరక్కుండానే నా నుంచి పదో తరగతి తీసేసి ఒకటీ రెండూ ఇచ్చారు. మధ్యాహ్నం నేను క్లాసులోనే తినడం మొదలుపెట్టాను. రెండు రోజులు ఆమె డబ్బా పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. నేను తలెత్తలేదు. మూడో రోజు నుంచి రాలేదు. రాకపోయేసరికి దానికీ బాధపడ్డాను. పిల్లల్ని మధ్యలో వదలలేక ఆ ఏడాది పూర్తి చేసి, హనుమకొండలో ఒక చిన్న బడికి మారాను.

ఇక్కడా పిల్లలు ఆ మాట అంటారు. దిద్దడం మానేశాను. దిద్దాలంటే ముందు దాన్ని నేను పలకాలి.

మొన్న చలికాలం బస్టాండులో ఆమె కనిపించింది. నన్ను చూసి తనే దగ్గరికి వచ్చింది. కుంటుతూ నడుస్తోంది.

"మోకాళ్లు నొస్తానయక్కా" అంది.

"దవాఖానల చూపించుకున్నవా?"

"చూపించుకోవాలె."

కుర్చీలు వేశారా అని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆమె బస్సు వచ్చింది. ఎక్కి, కిటికీలోంచి చెయ్యి ఊపింది. ఆలోచించకుండా నేనూ ఊపాను. ఇంటికి వచ్చాక, అలా ఊపినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.