విప్పకూడని కుట్టు

బొంతల పెద్దమ్మ పోయిందని మొన్న మంగళవారం పొద్దున ఆవిడ కొడుకు ఫోన్ చేశాడు. నేనప్పుడు సాల్ట్ లేక్‌లో మా ఆఫీసు లిఫ్టు ముందు నిలబడి ఉన్నాను. "అమ్మ పోనాదే. పదకొండు గంటలకి బండొస్తాది. నువ్వొచ్చీ" అన్నాడు. నాకు ఏడుపు రాలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "అన్నయ్యా, బొంత ఎక్కడుంది?" అని.

"అమ్మ మీదే ఉంది" అన్నాడు.

లిఫ్టు తలుపులు తెరుచుకున్నా ఎక్కకుండా వెనక్కి తిరిగాను. ఎందుకో అర్థం కావాలంటే మావాళ్ళ పద్ధతొకటి చెప్పాలి. ఊరికి ఆ చివర ఏక్‌బాల్‌పూర్‌లో మా గల్లీ అంతా శ్రీకాకుళం వైపు నుంచి ఈ బెంగాలీ పట్నానికి ఓడరేవు డాకు పనికి వచ్చినవాళ్ళే. ప్రాణం పోయేటప్పుడు మనిషి మీద ఏ గుడ్డ ఉంటే అది ఆ మనిషితోపాటే వెళ్ళిపోవాలి. మళ్ళీ గుమ్మం దాటి లోపలికి రాకూడదు. ఆ బొంత మీద మా గల్లీ పిల్లలందరూ కుట్టిన మొదటి అతుకులున్నాయి. అందులో ఒకటి మా అమ్మ చీర ముక్క. అమ్మదంటూ నాకు మిగిలింది ఆ జానెడు ఆకుపచ్చ గుడ్డ ఒక్కటే.

టైము తొమ్మిదిన్నర. మేనేజరుకి ఒక మెసేజ్ పడేసి ట్యాక్సీ ఎక్కాను.

ఆవిడ నాకు బంధువు కాదు. ఆవిడ భర్తా, మా నాన్నా డాకులో కలిసి పనిచేసేవాళ్ళు, ఎదురెదురు గదుల్లో ఉండేవాళ్ళం. కానీ గల్లీలో పెద్దా చిన్నా అందరికీ ఆవిడ పెద్దమ్మే. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక తన గది ముందు వరండా కడిగి, పాత చీరలు నాలుగు ఒకదాని మీద ఒకటి పరిచి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టేది. బిస్కెట్ల డబ్బా మూత తీసిన చప్పుడు వినపడగానే పిల్లలం పరిగెత్తేవాళ్ళం. అందులో సూదులుండేవి, చీర అంచుల్లోంచి లాగి ఉండచుట్టిన దారాలుండేవి. పెద్దవాళ్ళు ఈ చివర నుంచి ఆ చివరకి పొడుగు వరసలు కుట్టాలి. పిల్లలు అతుకులు వెయ్యాలి. పక్క గల్లీ బెంగాలీ ఆడవాళ్ళు కూడా వచ్చి, దీన్ని మేం కాంథా అంటాం మాసీమా అంటూ మా మధ్యన చోటు చేసుకుని కూర్చునేవాళ్ళు.

మగవాళ్ళకూ మినహాయింపు లేదు. నాన్న మొదటిసారి కూర్చున్నప్పుడు అలవాటు కొద్దీ గోనెసంచులు కుట్టే దబ్బనం పట్టుకొచ్చాడు. "బియ్యం బస్తా అనుకున్నావేటి, మరిదీ? పసిగుంటలు తొంగుంటారు దీని మీద" అని పెద్దమ్మ, ఆయన కుట్టిన వరస మొత్తం అందరి ముందూ సర్రున లాగేసింది. నాన్న నవ్వుతూ మళ్ళీ మొదలుపెట్టాడు, సన్న సూదితో. పెద్దవాళ్ళ కుట్టు ఎన్నిసార్లయినా విప్పేది. "ముడి లోపలికెల్లాల. ఒంటికి గుచ్చుకుంటే అది బొంతేటి?" అనేది. పిల్లల కుట్టు మాత్రం ఎంత ఘోరంగా ఉన్నా ముట్టుకునేది కాదు, ఇంకొకర్ని ముట్టుకోనిచ్చేది కాదు.

అలా కుట్టిన బొంతలు పురుడొచ్చిన ఇళ్ళకి వెళ్ళిపోయేవి. ఒక్కటి మాత్రం గల్లీది. ఎప్పటికీ పూర్తికాదు. సూది పట్టడం నేర్చిన ప్రతి పిల్లా పిల్లాడూ తమ మొదటి అతుకు దానిమీదే వెయ్యాలి. గల్లీలో ఎవరు మంచాన పడితే వాళ్ళ మీద కప్పేవాళ్ళు. మూడు నెలలుగా పెద్దమ్మే మంచాన ఉంది, కాబట్టి బొంత ఆవిడ దగ్గరే ఉంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఆ మాట ట్యాక్సీలో నాకు నేను పదిసార్లు చెప్పుకున్నాను.

బైపాస్ మీద బళ్ళు కదలడం లేదు. పది దాటింది. అన్నయ్యకి ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. "దాదా, ఎక్టు తాడాతాడి" అని తొందరపెడితే డ్రైవరు అద్దంలోంచి నన్ను చూసి, లారీల మీంచి ఎగరమంటారా దీదీ అన్నాడు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు అమ్మ పోయింది. పదోరోజున ఆవిడ చీరలన్నీ మూటకట్టి వరండాలో పెట్టారు, అవీ వెళ్ళిపోవాలి కనక. పెద్దమ్మ కత్తెర తీసుకుని వచ్చి, మూట విప్పి, ఆకుపచ్చ చీరలోంచి జానెడు ముక్క కత్తిరించింది. మా గల్లీలో చావుకీ పెళ్ళికీ పద్ధతి చెప్పే పెద్దాయన గట్టిగా అరిచాడు. ఆవిడ తగ్గలేదు. "నీ పద్ధతికి మూటంతా ఇచ్చీసినాను కదా బాబూ. ఈ గుంటకి జానెడు ఉంచీ" అంది.

నెల తర్వాత ఒక ఆదివారం ఆ ముక్క నా చేతిలో పెట్టి, గల్లీ బొంత మీద ఖాళీ చోటు చూపించింది. సన్న సూది నా వేలికి పదేపదే గుచ్చుకునేది. అందుకని నాన్న దబ్బనం దొంగిలించి దాంతో కుట్టాను. నాలుగు పొరల్లోనూ శనగగింజలు పట్టేంత చిల్లులు పడ్డాయి. ఎక్కడో మొదలై ఎక్కడికో పోయింది వరస. అందరూ నవ్వారు. పెద్దమ్మ నవ్వలేదు. "ఇది ఇప్పీసి బాగా కుడతాను" అని నేను ఏడుస్తుంటే నా చెయ్యి పట్టుకుంది. "దానికి తెలిసినంత కుట్టినాది. తెలిసినంత సేసినదాన్ని ఇప్పీడానికి మనమెవులం?" అంది, ఆ కుట్టింది నేను కాదన్నట్టు, ఇంకెవరో పిల్ల అన్నట్టు.

ఇక నేను చేసిన పని చెప్పాలి. రెండేళ్ళ క్రితం నాకు డెంగీ వస్తే పెద్దమ్మ గల్లీ బొంతని సాల్ట్ లేక్‌లో నా ఫ్లాటుకి పంపింది. జ్వరం తగ్గాక పడుకుని ఆ అతుకు చూశాను. అమ్మ చీర మీద ఆ వంకర కుట్లు నాకు నచ్చలేదు. బ్లేడుతో విప్పేసి, మంచి దారం తెప్పించి, గోరంత కూడా తేడా లేకుండా మళ్ళీ కుట్టాను. మెచ్చుకుంటుందని గర్వంగా తీసుకెళ్ళాను. అప్పటికే ఆవిడకి చూపు సరిగా ఆనదు. బొంతంతా వేళ్ళతో తడుముతూ వచ్చి అక్కడ ఆగింది.

"ఈ కుట్టు ఎవులిది?"

"నాదే పెద్దమ్మా."

"నీది నానెరగనా? తల్లి పోయిన గుంట కుట్టిన కుట్టది. దాన్ని ఇప్పీడానికి నువ్వెవులివి?"

ఆ కోపం రెండు ఆదివారాలు ఉంది. మూడో ఆదివారం నా చేతికి సూది ఇస్తూ, "పెద్దదానివైపోనావు, ఏటి సేస్తాం" అని మాత్రం అంది. తర్వాత మామూలుగానే మాట్లాడింది, చేపల పులుసు పెట్టింది. కానీ నేను ఆవిణ్ణి క్షమించమని అడగలేదు. ఇదిగో అడుగుదాం, అదిగో అడుగుదాం అనుకుంటూనే ఉండిపోయాను.

ఖిదిర్‌పూర్ దగ్గర కంటైనర్ లారీల వెనక ట్యాక్సీ ఇరుక్కుపోతే దిగి పరిగెత్తాను. గల్లీ మొదట్లో శవాల బండి అప్పటికే వచ్చి హారన్ కొడుతోంది. వరండాలో, మేమంతా కూర్చుని కుట్టిన చోటే, పెద్దమ్మని పడుకోబెట్టారు. మెడదాకా బొంత. నలుగురు మగవాళ్ళు ఎత్తడానికి వంగారు.

"ఆగండి" అన్నాను. "బొంత తియ్యండి."

"కప్పింది కప్పినట్టే పంపీయాల" అన్నాడు పెద్దాయన. అమ్మ చీరల మూట దగ్గర అరిచిన ఆయనే. ఇప్పుడు కర్ర లేనిదే నిలబడలేడు.

"అందులో పిల్లలందరి కుట్లూ ఉన్నాయి తాతా!"

"ఉంటే? పద్ధతి పద్ధతే."

అన్నయ్య వైపు తిరిగాను. వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "అమ్మకి పేణం అదంటే. అమ్మతోనే పోనీయే" అన్నాడు. కొడుకు మాట కాదనే హక్కు నాకేముంది? అయినా కొంగు బిగించి బొంత అంచు పట్టుకున్నాను. శవం దగ్గర ఈ గొడవేమిటని వెనక ఎవరో విసుక్కున్నారు. బండివాడు మళ్ళీ హారన్ కొట్టాడు.

అప్పుడు పక్కింటివాళ్ళ మనవరాలు, నాలుగో తరగతి పిల్ల, నా పక్కకి వచ్చి నిలబడింది. పెద్దమ్మ మంచం పక్కన కూర్చుని పోయిన నెలలోనే మొదటి అతుకు వేసింది. "తాతా, నాది కూడా కాల్చీస్తారా?" అని అడిగింది. బెదిరిపోయి ఉంది.

పెద్దాయన కర్ర మీద వంగి ఆ పిల్ల తల నిమిరాడు. తర్వాత నన్ను చూశాడు. "ఆ రోజు మీ యమ్మ మూట కాడ ఈ మనిషేటి సేసినాది? ఒక ముక్క ఉంచి మిగతాది పంపీసినాది. ఇయ్యాల ఒక ముక్క పంపీసి మిగతాది ఉంచండి. సుబ్బరంగా ఉతికి ఎండేయండి. పాపమొస్తే నాకే" అన్నాడు. అన్నయ్య తలూపాడు.

అయితే ఏ ముక్క? అందరం బొంత మీదకి వంగాం. దాని మీదున్నవన్నీ పిల్లల మొదటి కుట్లే. ఏది విప్పినా ఆవిడ మాట తప్పినట్టే, అదీ ఆవిడ ఒంటి మీద ఉండగానే. ఎవరూ చెయ్యి వెయ్యలేదు. పెద్దవాళ్ళు కుట్టిన అతుకు ఆ బొంత మొత్తం మీద ఒక్కటే ఉందని నాకు అప్పుడు తట్టింది. అది నాదే. దేని కోసం సాల్ట్ లేక్ నుంచి పరిగెత్తుకొచ్చానో అదే.

చిన్నదానితో బిస్కెట్ల డబ్బా తెప్పించాను. బ్లేడు తీసుకుని కూర్చున్నాను. అంత చిన్న కుట్లు ఎందుకు కుట్టానా అని నన్ను నేను తిట్టుకున్నాను, ఒక్కటీ ఓ పట్టాన తెగదు. వంకర కుట్టయితే ఒక్క లాగుకి వచ్చేసేది. బండివాడు దిగివచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. బ్లేడు జారి నా వేలు తెగింది. చివరి కుట్టు విప్పి, అమ్మ చీర ముక్కని పెద్దమ్మ చేతుల కింద పెట్టాను. అడగాల్సిన మాట అప్పుడడిగాను, ఆవిడ చెవి దగ్గర. బొంత తీశారు. ఆవిణ్ణి ఎత్తుకెళ్ళారు. గల్లీ మలుపు తిరిగేదాకా చూసి, అప్పుడు ఏడ్చాను.

ఆదివారం మధ్యాహ్నం అందరం వరండాలో చేరాం. ఉతికిన బొంత తీగ మీద ఆరుతోంది. డబ్బా మూత తీసింది చిన్నదే, చప్పుడు మాత్రం అదే చప్పుడు. నా అతుకు తీసిన చోట అడుగు చీర వెలిసిపోకుండా కొత్త రంగులో ఉంది. "ఇక్కడ చిల్లులేటి?" అంది చిన్నది. దగ్గరికెళ్ళి చూశాను. నేను రెండేళ్ళ క్రితం విప్పింది దారాన్నే. దబ్బనం చిల్లులు నాలుగు పొరల్లోనూ అలాగే ఉన్నాయి, ఎక్కడో మొదలై ఎక్కడికో పోతూ. పెద్దమ్మకి చెప్పాలనిపించి గది వైపు తిరిగాను. గది ఖాళీగా ఉంది. బొంత వెనక ఎండ కాస్తోంది. చెయ్యి చాపితే నా అరచేతిలో ఆ తొమ్మిదేళ్ళ పిల్ల కుట్టు, ఎండ చుక్కలుగా, వంకరగా పడింది.