నత్తల కోసం తెచ్చిన బాతులు

మా పెరట్లో తోటకూర, చుక్కకూర, రెండు వరసల టమాటా ఉండేవి. అన్నీ మా ఆయన వేసినవే. వానలు మొదలైతే నత్తలు వచ్చిపడేవి. పొద్దున్నే చూస్తే ఆకులన్నీ బొక్కలు. ఆయనకు కోపం వచ్చేది గానీ నత్తను చంపడం చేతనయ్యేది కాదు. ఎవరో ఉప్పు చల్లమంటే ఒకసారి చల్లారు. అవి నురగ కక్కుకోవడం చూసి ఆ పూట అన్నం వద్దన్నారు. మా అత్తయ్య పద్ధతి వేరు. రాలిన బాదమాకుతో నత్తను పట్టుకుని, "గోవిందా" అని ప్రహరీ మీదుగా పక్క ఖాళీ ప్లాటులోకి వేసేది. అవి తీరిగ్గా గోడెక్కి మళ్లీ వచ్చేవి.

అందుకని బాతులు. ఆయన ఆఫీసు పని మీద అప్పుడప్పుడు సూళ్లూరుపేటకు పోయి వచ్చేవారు. ఆ దోవలో కోతలైన మళ్లలో బాతుల మందలను మేపుకునేవాళ్లు కనిపిస్తారు. ఒక సాయంత్రం అట్టపెట్టె పట్టుకుని ఇంటికి వచ్చారు. పెట్టె పక్కల పెన్నుతో పొడిచిన బొక్కలున్నాయి. లోపల ఆరు పసుప్పచ్చ పిల్లలు.

"నత్తల్ని తింటాయంట," అన్నారు వంటింట్లోకి వచ్చి, గొంతు తగ్గించి. "అమ్మతో అనొద్దు. ముచ్చటపడి తెచ్చినానని చెప్తా."

"అంటే మీరు చెయ్యలేని పని వీటికి అప్పజెప్తారన్నమాట."

"నేనేం అప్పజెప్పను. వాటంతట అవే చూసుకుంటాయి."

మాది పెరుమాళ్లకు నైవేద్యం పెట్టకుండా ముద్ద ముట్టని ఇల్లు. ఉల్లిపాయ కూడా వంటింటి బయటే ఉంటుంది. అత్తయ్య పెట్టెలోకి తొంగి చూసి, "ఇదేం పిచ్చిరా నీకు?" అంది.

"బాగుండాయని తెచ్చినానమ్మా."

"బాగుండేదానికేం, బాగానే ఉండాయి. కింద ఊడ్చేది ఎవురు?"

అంటూనే లోపలికి పోయి చిన్న గిన్నెతో నీళ్లు తెచ్చింది.

బాతు పిల్లల గురించి మాకేమీ తెలియదు. ఫోనులో చూసి కొంత నేర్చుకున్నాం. తల్లి లేని పిల్లల ఈకలకు నూనె ఉండదు, తడిస్తే చలికి చచ్చిపోతాయి, కాబట్టి ఈత అప్పుడే వద్దు. నీళ్ల గిన్నె మాత్రం ముక్కు మునిగేంత లోతు ఉండాలి, లేకపోతే ముక్కురంధ్రాలు పూడిపోతాయి. కింద వరి ఊక పొయ్యాలి. అది తడిసిన ప్రతిసారీ మార్చాలి, అంటే ఎప్పుడూ మారుస్తూనే ఉండాలి. రాత్రికి బల్బు వెలగాలి. పిల్లలు బల్బు కింద గుంపుగా ఒకదాని మీద ఒకటి ఎక్కితే చలి వేస్తున్నట్టు, దూరంగా పోయి పడుకుంటే వేడి ఎక్కువైనట్టు. ఆయన స్నానాలగది పక్కన ఇనుప జాలీతో ఒక గూడు కట్టారు. కూరమడికీ గూటికీ మధ్య జాలీతోనే ఒక చిన్న తలుపు పెట్టారు. పిల్లలు పెద్దయ్యాక తెరుద్దామని దానికి గొళ్లెం వేసి ఉంచారు.

అవి వచ్చిన వారానికి ఆయన ఆఫీసులో కుర్చీలోంచి లేవబోయి పడిపోయారు. ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది.

పరామర్శకు వచ్చినవాళ్లు చాలా మాటలు చెప్పారు. ఆత్మ గురించి, రుణానుబంధం గురించి. వాళ్ల మంచితనాన్ని కాదనను. నేనూ పిల్లలకు పాఠం చెప్పేదాన్నే, అలాంటి మాటలు పుస్తకాల్లో కావలసినన్ని చదివాను. ఆ రోజుల్లో నాకు పనికొచ్చిన మాట ఒక్కటే. ఎవరో చుట్టాలావిడ తలుపు దగ్గర నిలబడి, "బాతులకు నీళ్లయిపోయినాయి" అంది. లేచి వెళ్లి పోశాను.

కర్మలన్నీ అయ్యి చుట్టాలు వెళ్లిపోయాక ఇంట్లో అత్తయ్యా నేనూ మిగిలాం. నేను బడికి వెళ్లడం మొదలుపెట్టాను. అత్తయ్య బాతుల పని తీసుకుంది. నేను అడగలేదు. తన కొడుకు చివరగా ఇంటికి తెచ్చినవి అవి. పెరుమాళ్లకు నైవేద్యం అయ్యాక మెత్తగా పిసికిన పెరుగన్నం ఆరు ముద్దలు చేసి పెట్టేది. మధ్యాహ్నం పప్పన్నం. ఏకాదశి నాడు మాత్రం తను పస్తుండి, వాటికి విడిగా వండింది.

"వాటికేం తెలుసు ఏకాదశి," అంది నాతో, సంజాయిషీ చెప్పినట్టు.

పిల్లలు తిన్నాయి. పెరగడమూ పెరిగాయి. కానీ కొన్నాళ్లకు ఒకటి కూర్చున్న చోటు నుంచి లేవడం మానేసింది. లేస్తే కాళ్లు పక్కలకు జారేవి, రెక్కలు నేలకు ఆనించి పాకేది. తర్వాత ఇంకో రెండు కుంటడం మొదలుపెట్టాయి. నేను ఆ మొదటి కుంటిదాన్ని సంచిలో పెట్టుకుని ఆటోలో పశువుల ఆసుపత్రికి వెళ్లాను. డాక్టరమ్మ వయసులో చిన్నది. దాని కాళ్లు వంచి, చాపి చూసింది.

"ఏం పెడతాండారు మేడమ్?"

"పెరుగన్నం."

"రోజూనా?"

"మధ్యాహ్నం పప్పన్నం."

ఆమె నవ్వు ఆపుకోవాలని చూసింది గానీ కుదరలేదు. "మేడమ్, ఇవి బాతులు, మీ చుట్టాలు కాదు. ఇట్లే పెడితే కాళ్లు నిలబడవు. నీళ్లల్లో కలిపే మందు రాసిస్తా, వెయ్యండి. కానీ మందు ఒక్కటే చాలదు. ఎండుచేప పొడి గానీ, నత్తలు, ఎర్రలు గానీ తినాల. పెరట్లో వదిలితే అవే ఏరుకుంటాయి. వదలట్లేదా?"

వదలడం లేదు. కూరమడి తలుపుకు గొళ్లెం అట్లాగే ఉంది.

ఇంటికి వచ్చేసరికి ఎదురింటామె గేటు దగ్గరే ఉంది. ఆమెది సేద్యం చేసే కుటుంబం. సంచిలోంచి బయటికి వచ్చిన ముక్కు చూసి ఏమైందని అడిగింది. చెప్పాను.

"పెరుగన్నమా! ఊరగాయ కూడా నంజుకుంటాండాయా?" అంది. నాకు నవ్వొచ్చింది. ఆయన పోయాక నవ్వడం అదే మొదలు. వెంటనే ఆమె, "మా తమ్ముడు పులికాట్ నుంచి ఎండు నెత్తళ్ల చేపలు తెచ్చినాడక్కా. దంచి డబ్బాలో పోసిస్తా. ఎవురికీ తెలీదు," అంది.

తెలియకుండా చెయ్యడం నాకు ఇష్టం లేకపోయింది. డాక్టరమ్మ చెప్పినదంతా అత్తయ్యకు చెప్పాను. ఆమె బియ్యం ఏరుతూ తల ఎత్తకుండా వినింది.

"వాడింట్లోకి చేప రాదు," అంది.

"ఇంట్లోకి రాదు అత్తయ్యా. గూడు బయటే కదా ఉంది."

"ఏడాది కూడా తిరగలే వాడు పోయి. ఈ గోడ లోపల చేప రాదు."

"మరి అవి చచ్చిపోతాయి."

"చావకూడదు."

"రెండూ ఎట్లా అవుతాయి?"

"నాకు రెండూ కావాల," అంది. అప్పుడు తల ఎత్తింది. "వాడు ముచ్చటపడి తెచ్చుకున్నాడు. వాడి ముచ్చట్లల్లో మిగిలింది ఇదొకటే."

మందు కలిపిన నీళ్లు పెట్టాను. కుంటిది తల ముంచి తాగింది, కానీ లేవలేదు. మరునాడు బడిలో పాఠం చెప్తున్నాననే గానీ మనసు దాని మీదే ఉంది. ఆయన మీద కాదు, దాని మీదే. ఆయనకు ఇక నేను చెయ్యగలిగింది లేదు. ఇది ఇంకా బతికే ఉంది.

ఆ సాయంత్రం వాన పట్టింది. అత్తయ్య గూటి ముందు పీట వేసుకుని, గొడుగు కింద కూర్చుని, కుంటిదాని నోటికి ముద్ద అందిస్తూ ఉంది. అది తినడం లేదు. నేను పక్కన నిలబడి, ఆయన అనొద్దన్న మాట చెప్పేశాను.

"అత్తయ్యా, ఆయన వీటిని ముచ్చటకు తేలేదు. నత్తల కోసం తెచ్చారు. కూరమడిలో నత్తల్ని ఇవి తింటాయని."

ముద్ద చేతిలోనే ఉంది.

"నాతో చెప్పలేదే."

"మీతో ఎట్లా చెప్తారు?"

"నేను ఆకుతో పట్టి అవతలేస్తా ఉంటే చూస్తానే ఉన్నాడు కదే. అప్పుడన్నా చెప్పొచ్చు కదా." ముద్ద వంక చూస్తూ, "దొంగ వెధవ," అంది. కొడుకు పోయాక ఆమె ఆయన్ని తిట్టడం నేను అంతవరకూ వినలేదు. తిట్టి, కొంగుతో ముఖం తుడుచుకుంది. చేతిలో ముద్ద కాకులకు గోడ మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

చెప్పి మంచి చేశానో లేదో తెలియలేదు. ఆమెకు మిగిలిన ఆ ఒక్క ముచ్చటా నేను తీసేసుకున్నానేమో అనిపించింది.

తెల్లవారేసరికి వాన వెలిసింది. నేను లేచి పెరట్లోకి వచ్చేటప్పటికి అత్తయ్య స్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని, పూజకు పూలు కోస్తోంది. కూరమడి తలుపు గొళ్లెం తీసి ఉంది. ఐదు బాతులు తోటకూరలో ఉన్నాయి. ముక్కులు మట్టిలో గుచ్చి, తీసి, మళ్లీ గుచ్చి, తడి ఆకుల కింద దేనినో పట్టి మెడ చాపి మింగుతున్నాయి. చప్పుడు బాగా వినిపిస్తోంది.

"తలుపు ఎవరు తీశారు?" అన్నాను.

"గాలికి తీసుకునుంటాది. నేను పూలు కోసుకుంటాండా. యాడ తిరగతాయో, ఏం తింటాయో నేను చూళ్లా."

గొళ్లెం గాలికి తెరుచుకునే రకం కాదు.

కుంటిది మాత్రం గడప దాటలేకపోయింది. తలుపు దాకా పాకి వచ్చి అక్కడే కూలబడి, మిగతావి తినేది చూస్తోంది. నేను దాన్ని ఎత్తి కూరమడిలో పెట్టాను. అది కదల్లేదు. పక్కనే ఉన్న నత్త కూడా దానికి అందలేదు.

అత్తయ్య పూలబుట్ట అరుగు మీద పెట్టింది. అలవాటు ప్రకారం ఒక బాదమాకు ఏరుకుంది. టమాటా మొక్క మొదట్లో ఉన్న చిన్న నత్తను ఆకుతో పట్టుకుంది. ప్రహరీ దాకా నడిచింది. అక్కడ నిలబడింది. చెయ్యి ఎప్పటిలాగే గోడ మీదికి లేచింది.

తర్వాత దించింది. వెనక్కి వచ్చి ఆకును కుంటిదాని ముందు నేల మీద పెట్టి, "గోవిందా" అంది. అటు తిరిగి నిలబడింది. అది తిన్నంతసేపూ తిరగలేదు.

"అయిందా?" అని అడిగింది.

"అయింది అత్తయ్యా."

ఆమె మళ్లీ తలస్నానం చేసి వచ్చింది. ఆ రోజు పెరుమాళ్లకు నైవేద్యం ఆలస్యమైంది. నేను బడికి తిని పోలేదు, డబ్బాలో కట్టుకుని పోయాను. మరునాటి నుంచి ఆమె స్నానం వేళ మార్చుకుంది. ముందు కూరమడి, తర్వాత స్నానం, తర్వాత పూలు.