తల ఊపాను

నేను అయిదో తరగతి వరకే చదివాను, అదీ తమిళంలో. తెలుగు రాయడం ఈమధ్యే నేర్చుకున్నాను. అక్షరాలు తప్పితే కోపపడకండి.

మా తమిళనాడులో కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ వెళ్ళే బస్సులో ఒక అమ్మాయి నా పక్కన కూర్చుంది. నేను ఫోన్‌లో ఇంటికి తెలుగులో మాట్లాడడం విని నా వైపు తిరిగింది.

"మనోళ్ళేనా అక్కా? బయట ఎవరూ తెలుగు మాట్లాడరే!"

అగ్గిపెట్టెల కంపెనీలో పని మానేసి, ఆసుపత్రిలో ఉద్యోగం అడగడానికి వెళ్తోందట. రోజూ ఏం చేస్తావో ఇంగ్లీషులో చెప్పమంటారట. జవాబు రాసుకున్న నోట్‌బుక్ నా చేతికిచ్చింది.

"నేను సూడకుండా సెప్తా. తప్పొస్తే ఆపు అక్కా."

"ఐ గెట్ అప్ ఎట్ ఫైవ్. ఐ డ్రా కోలం. ఐ కుక్ రైస్." ముగ్గుని తమిళంలో కోలం అనే అంది. ఇలా చాలా చెప్పింది.

నాకు ఇంగ్లీషు చదవడం రాదు. మనోళ్ళు అన్న పిల్లకి ఆ మాట చెప్పడానికి సిగ్గేసింది. పేజీ మీద వేలు జరుపుతూ తల ఊపాను.

"సరిగ్గా వొచ్చిందా?"

"ఒక్క తప్పు లేదు, పిల్లా."

"నిజంగానా? మా తమ్ముడైతే లైనుకో తప్పు పట్టి ఎగతాళి సేస్తాడు!"

నవ్వి, నోట్‌బుక్ సంచిలో పెట్టేసింది. సగం దారిలో ఉండే సాత్తూరు కూడా ఇంకా రాలేదు. దిగేదాకా చదువుకునే పిల్ల, నా మాట నమ్మి నిద్రపోయింది. లేపి నిజం చెప్దామని రెండుసార్లు చెయ్యెత్తి దించేశాను.

ఆ ఉద్యోగం వచ్చిందో లేదో నాకు తెలియదు. ఈ రాతలో తప్పులుంటే దాచకుండా నాకు చెప్పండి, చెప్పి మన్నించండి.