కుళ్ళాయమ్మ పొయ్యి అప్పగించిన పొద్దు

ముందు ఊపిరి వినిపించింది. ఇనుప గొట్టంలోంచి సాగి సాగి, చివర సన్నగా ఈల వేసి ఆగే ఊపిరి. వెనకే దగ్గు. నేను వాకిట్లో చెప్పులు విడిచేసరికి పొగలోంచి కుళ్ళాయమ్మ వచ్చింది, చేతిలో ఊదుగొట్టంతో.

రొద్దం పక్కనున్న మా ఊళ్ళో నాకు చిన్నప్పుడు ఆ ఊపిరే కోడికూత. పక్కిల్లే కదా, గోడ దాటి మల్బరీ కట్టె పొగ వచ్చేది. పట్టుపురుగులు ఆకు తినేశాక మిగిలిన కట్టెనే ఎండబెట్టి ఏడాదంతా కాల్చేది ఆమె. పొగ వెనకాల రాగిసంగటి వాసన. ఇప్పటికీ ఎక్కడ కట్టె కాలినా నాకు ఆకలేస్తుంది.

గ్యాసు వచ్చింది. అయితే తోటలో కూలీలతో కలిపి ఏడుగురికి సంగటి గెలికే బాన దాని మీద నిలవదు. అది టీకే.

రెండేళ్ళ కిందట హిందూపురంలో కుళ్ళాయమ్మకు ఒక కంటికి ఆపరేషన్ చేశారు. నలభై రోజులు పొగ దగ్గరికి పోవద్దన్నారు. పదో రోజే పోయి పొయ్యి ఊదింది. ఆ కన్ను చీముపట్టి పోయింది. రేపు రెండో కంటికి ఆపరేషన్.

"ఇదీ పోతే ఇంకేముండాదప్పా, చీకటే," అంది నవ్వుతూనే. "అందుకే ఈ పొద్దు పొయ్యి సుధ చేతికిస్తాండా."

సుధ ఆమె కోడలు. పెళ్ళికి ముందు ధర్మవరంలో మగ్గం మీద కూర్చున్న పిల్ల. అత్త నీళ్ళు కాచిన మంట ఆరిపోయాక, కొత్త కట్టెల్ని వేలు దూరనంత దగ్గరగా, ముచ్చటగా పేర్చింది. పాల ప్యాకెట్ కవరు అంటించడానికి అగ్గిపుల్ల గీయబోయింది.

"ఆ కవరు పారెయ్! దాని పొగ మింగి చస్తావా? టెంకాయ పీచు తీసుకో. కొంగు?"

"దోపుకున్నాలే అత్తా."

పీచు మండింది. కట్టెలు పొగ కక్కాయి, మంట రాలేదు.

"ఏమే, పొయ్యిలో చీర నేసినావా? నేతలో సందుంటే తప్పు, పొయ్యిలో సందు లేకుంటే తప్పు. దానికి ఊపిరాడొద్దా?"

"నా చీరకు ఎవురూ వంక పెట్టలేదులే," అని గొణుగుతూ సుధ కట్టెల్ని సడలించి, సన్నపుల్లలు కిందికి తోసింది. పీచు ఆరిపోవస్తోంది. కుళ్ళాయమ్మ ఊదుగొట్టం ఎత్తి వంగింది. సుధ దాన్ని లాగేసుకుంది.

"బయటికి పో అత్తా! మంట రాకుంటే అందరూ ఈపూట బన్ను తింటారు. నీ కన్ను యాడ తెచ్చేది?"

కుళ్ళాయమ్మ బయటికొచ్చింది. వాకిట్లో రేకుల నీడన మంచం మీద కూర్చుంది. లోపల సుధ ఊపిరి తడబడుతూ వచ్చింది, ఈల లేకుండా. అది వచ్చినప్పుడల్లా ఇక్కడ ఈమె పెదాలు గుండ్రంగా ముడుచుకున్నాయి. మూడోసారి ఊదేసరికి గోడ మీద వెలుతురు ఆడింది.

"మంట ఎక్కువైతే కట్టె బయటికి లాగు! సంగటి దించినాక కొనలు బూడిదలో అదుము! ఎండుకట్టె దూరంగా జరిపినావా?"

"పదిసార్లు చెప్పినావు!"

రెండుసార్లు లేవబోయింది. రెండుసార్లూ మంచంపట్టె పట్టుకుని కూర్చుంది. పెనుకొండ బస్సుకు వేళయిందని నేను లేచాను.

"పోతాండావా? ఈ మంచం రోడ్డు దిక్కు తిప్పిపో అప్పా. పొయ్యి కనపడితే నేను నిలవలేను."